ఉగాది దాకా ఆటగాడు

కొత్తగా రిఫరీలైన పిల్లలు ముగ్గురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, లీగ్ పెట్టాలంటే ముందుగాల ఏం గావాలె?" అని అడిగారు. గ్రౌండు కొలతలో, స్పాన్సరును పట్టే ఉపాయమో చెప్తానని వాళ్ళ ఆశ. "ఖాళీగా ఉన్న గోదాము ఒకటి, తిట్లు పడే మనిషి ఒకడు" అన్నాను. నవ్వి, చాయ్ తాగి పోయారు. వాళ్ళు నమ్మలేదని తెలిసి ఇది రాస్తున్నాను.

నేను బాన్సువాడలో డ్రిల్ మాస్టరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లల్ని వరసలో నిలబెట్టడం, చేతులు ఎత్తించడం, దింపించడం. నేను నిజంగా పని నేర్చుకున్నది వేరేచోట. తొంభైల మొదటి నుంచి రెండువేల సంవత్సరం దాటి చాలా ఏళ్ళ వరకూ, వానాకాలం సాయంత్రాలు, రైసుమిల్లుల గోదాముల్లో ఫుట్‌బాల్ లీగు నడిపాను. జట్టుకు ఐదుగురు, చుట్టూ నాలుగు గోడలు, నెత్తిన రేకులు. ఆటగాళ్ళకు డబ్బులిచ్చి ఆడించిన లీగు. సెక్రటరీని నేనే, రిఫరీని నేనే. "ఐతారం నాడు సుత ఈల ఊదే మొగడు దొరికిండు నాకు" అని మా ఆవిడ అందరితో చెప్పేది.

గెలుపోటములన్నీ రాయను. ముఖ్యంగా చెప్పాల్సింది సాయిలు అనే ఆటగాడి సంగతి. వాడు ఆటగాడిగా బతుకుతాడా, వాళ్ళ నాయినలాగే ఒకరి పశువుల కొట్టంలో జీతగాడిగా మిగులుతాడా అన్నది మా లీగే తేల్చాల్సి వచ్చింది. దానికి ముందు లీగు ఎట్లా పుట్టిందో తెలియాలి.

ఎలుకల గోదాము

మా వైపు ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఎప్పుడూ కొదవ లేదు. కానీ వాన మొదలైతే స్కూలు గ్రౌండుకూ పక్కనున్న పొలానికీ తేడా ఉండేది కాదు, నాట్లు వేసుకోవచ్చు. ఆ నాలుగు నెలలే ఇంకో సంగతి కూడా జరుగుతుంది. ఎండాకాలం కోసే యాసంగి వడ్లు మరపట్టి, బియ్యం లారీలెక్కి పోతాయి. వానాకాలం పంట కార్తీకం దాకా మిల్లుకు రాదు. ఆ మధ్యకాలంలో గోదాములు ఎలుకలకు తప్ప ఎవరికీ అక్కరకు రావు. ఈ రెండింటినీ కలిపిన ఘనత నాదేనని చాలామంది దగ్గర చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, తడవకుండా గోదాములో దూరింది పిల్లలు. వాళ్ళను తిట్టడానికి పోయి, ఆట చూసి, తిట్టడం మరిచిపోయింది నేను.

ఆ గోదాము బీర్కూర్ విఠల్ రెడ్డిది. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న పెద్ద రైతు కుటుంబం, నిజాంసాగర్ కాలువ కింద పొలం, బాన్సువాడ రోడ్డు మీద మిల్లు. అందరూ పటేల అని పిలిచేవాళ్ళు. భయపడుతూ పోయి అడిగితే, "ఆడుకోనియ్యి సార్. ఎలుకలన్న పారిపోతయి" అన్నాడు.

మొదలుపెట్టడం అంత తేలికగా అయింది గానీ ఆడడం కాలేదు. నేల మీద తవుడు పేరుకుని కాలు వేస్తే జారేది. నీళ్ళు కొడితే జిగురయ్యేది. ఊక చల్లి ఊడిపించాక దారికొచ్చింది. గోడలకు తలలు కొట్టుకోకుండా ఊక నింపిన గోనెసంచులు చుట్టూ నిలబెట్టాం. బంతి గోడకు తగిలితే ఆట ఆగదు, రేకులకు తగిలితే ఎదుటి జట్టుకు బంతి. వాన పడుతుంటే రేకుల చప్పుడుకు నా ఈల నాకే వినబడేది కాదు. అందుకని మణికట్టుకు ఎర్ర గుడ్డ కట్టుకునేవాణ్ణి, చెయ్యి లేస్తే ఆట ఆగాలి. మీరు రేపు ఎక్కడో మంచి హాల్లో ఆడిస్తారు. అయినా నిబంధనల పుస్తకం తెరిచే ముందు ఒకసారి ఆడే చోటంతా నడిచి చూడండి.

కరెంటు పోతే గోలెవరిది

కోటగిరి జట్టు సుబ్బారావు గారిది. వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూమి కొని స్థిరపడ్డారు. వాళ్ళ ఊరిని ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుము పట్టు.

ఒక ఏడు కోటగిరికీ బీర్కూర్‌కూ ఫైనలు. ఆఖరు నిమిషాల్లో కోటగిరి పిల్లవాడు బంతి కొట్టడానికి కాలు ఎత్తాడు, కరెంటు పోయింది. చీకట్లో ఒక దెబ్బ, ఒక అరుపు. కరెంటు వచ్చేసరికి బంతి బీర్కూర్ గోలులో ఉంది.

సుబ్బారావు గారు కుర్చీలోంచి లేవకుండానే అడిగారు. "మాస్టారూ, బంతి లోపల ఉందా లేదాండీ? ఉంది కదా. మరి గోలే కదండీ."

బీర్కూర్ జట్టు తనది, విఠల్ రెడ్డి ఊరుకుంటాడా. "చీకట్ల బంతి దానంతట అదే నడుసుకుంట పోయిందా సార్? ఎవడో చేతుల పట్టుకొని పెట్టిండు."

నేను చూడలేదు. ఆ మాటే అన్నాను. చూడనిదాన్ని ఇవ్వను, గోలు లేదు అన్నాను. సుబ్బారావు గారు నన్ను బీర్కూర్ మనిషి అన్నారు. మరుసటి ఏడు ఇంకో తీర్పుకు విఠల్ రెడ్డి నన్ను క్యాంపు మనిషి అన్నాడు. ఇద్దరూ అనేదాకా నాకు నిద్ర పట్టలేదు, అన్నాక హాయిగా పట్టింది. "నేను చూడలేదు" అని చెప్పడానికి కొత్త రిఫరీలు సిగ్గుపడతారు. సిగ్గుపడి ఊహించి తీర్పు ఇస్తారు. అదే వాళ్ళ కొంప ముంచుతుంది.

తర్వాత రూలు పెట్టాం, కరెంటు పోతే ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి. ఒకడు బంతి మీద కూర్చున్నాడు. దానికి మళ్ళీ ఇంకో రూలు పెట్టాం.

గొంగడి, చెప్పుల జత

మొదట్లో గెలిచినవాళ్ళకు స్టీలు గిన్నెలు, ఒక షీల్డు. జనం పెరిగారు. బస్తాల మీద, పక్కనున్న మిల్లు మెట్ల మీద కూర్చుని చూసేవాళ్ళు. రుద్రూర్, వర్ని జట్లు వచ్చాయి. జట్టు యజమానులకు పౌరుషం పెరిగింది. ఫైనలు రోజుకు బోధన్ నుంచో, మరాఠీ మాట్లాడే దెగ్లూర్ వైపు నుంచో ఆటగాణ్ణి కిరాయికి తేవడం మొదలైంది. నిన్న కోటగిరికి ఆడినవాడు ఈరోజు వర్నికి ఆడేవాడు. చూసేవాళ్ళు ఎవరి పక్షాన అరవాలో తెలియక నోరు మూసుకునేవాళ్ళు.

దీనికి మందు వేయాలని యజమానులందరూ విఠల్ రెడ్డి మిల్లు వరండాలో కూర్చున్నారు. ఆటగాణ్ణి ఏడాదికి కుదుర్చుకోవాలి, మధ్యలో మారకూడదు అన్నారు. బాగానే ఉంది, షరతులు రాసుకుందాం అన్నాను నేను.

"రాసేదేంది సార్" అన్నాడు విఠల్ రెడ్డి. "మనిషిని ఎట్ల కుదుర్చుకోవాల్నో మాకు తెల్వదా? ఉగాది నుంచి ఉగాది. గొంగడి, చెప్పుల జత, కొన్ని వడ్లు, కొంత పైకం. నడుమల ఇంకొకడు పిలవొద్దు, వీడు పోవద్దు. మా తాతల సంది గిదే పద్ధతి."

అది జీతగాడి పద్ధతి. మా వైపు పెద్ద రైతులు పొలం పనికీ పశువులకూ మనుషుల్ని ఏడాదికి కుదుర్చుకునేది సరిగ్గా అట్లాగే. కోస్తాలో పాలేర్లను కుదుర్చుకునే తీరూ దాదాపు అదేనని సుబ్బారావు గారు సంతోషపడ్డారు. నీటి వంతు దగ్గర ఏనాడూ ఒక మాట మీదికి రాని క్యాంపువాళ్ళూ ఊరివాళ్ళూ ఈ ఒక్క విషయంలో పొత్తు కుదిరి చాయ్ తాగారు. ఉగాది నాడు ఆటగాళ్ళు కొత్త గొంగళ్ళు భుజాన వేసుకుని ఫోటో దిగారు. ముచ్చటగానే అనిపించింది.

లీగు ఆ పద్ధతితోనే నిలబడింది, అది కాదనను. జట్లు కుదురుకున్నాయి, ఎవరి ఊరివాళ్ళు వాళ్ళకు అరిచారు, జట్లు ఎనిమిదయ్యాయి. చిక్కల్లా ఆట లేని నెలలతో వచ్చింది. ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టడం ఏ రైతు ఇంటా లేదు. "ఖాళీగనే ఉన్నవు గద" అని మొదలైంది. ఒకరు ట్రాక్టర్ మీద కూర్చోబెట్టారు, ఒకరు చెరకు బండికి పంపారు, ఒకరు రాత్రి పొలానికి నీళ్ళు పారించమన్నారు. ఎవరూ దాన్ని అన్యాయం అనుకోలేదు. కుదిరిన మనిషి పని చేస్తాడు, అందులో తప్పేముంది అని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు.

సాయిలు

సాయిలు ఎడమకాలి ఆటగాడు. బంతిని గోడకు కొట్టి, అది ఎక్కడికి తిరిగి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. ఎదుటివాళ్ళు బంతి వెంట పరుగెత్తేవాళ్ళు, వాడు బంతి కోసం ఎదురుచూసేవాడు. నేను అంతకన్నా మంచి ఆటగాణ్ణి చూడలేదు.

వాళ్ళ నాయిన పోచయ్య, విఠల్ రెడ్డి ఇంట్లో వయసంతా జీతం ఉన్నవాడు. సాయిలు బీర్కూర్ జట్టుకు కుదిరాక, ఇంట్లో నాలుగు గింజలు కనబడ్డాక, పోచయ్యను పని మాన్పించాడు. మోకాళ్ళు వాచి నడవలేకపోయేవాడు ఆయన. కొడుకు ఆటతో నాయిన ఆ కొట్టంలోంచి బయటపడ్డాడని ఊరంతా చెప్పుకున్నారు. ఏడాది తిరగకముందే కొడుకు అదే పొలంలో పార పట్టుకుని నీళ్ళు పారిస్తున్నాడు.

ఒకనాడు మ్యాచికి ముందు బూట్లు కట్టుకుంటూ నాతో అన్నాడు. "సార్, నన్ను ఆటకు పెట్టుకున్నరా, పొలానికి పెట్టుకున్నరా? బాపును ఇడిపిచ్చిన అనుకున్న. బాపు జాగల నేను నిలవడ్డ, గంతే."

"ఆడు, తర్వాత చూద్దాం" అన్నాను. మాస్టర్లు జవాబు లేనప్పుడు చెప్పే మాట అది.

ఆ వానాకాలమే హైదరాబాద్ నుంచి నాకు తెలిసిన కోచ్ ఒకాయన మా ఆట చూడడానికి వచ్చాడు. ఒక ఆఫీసు జట్టుకు ఆటగాళ్ళను వెతుకుతున్నాడు. సాయిలును చూసి, వచ్చే వారమే సెలక్షన్లు, అందులో నిలిస్తే ఉద్యోగం ఇస్తారు, వెంటనే పంపమన్నాడు. అప్పుడు లీగు సగంలో ఉంది. ఉగాదికి ఇంకా ఏడెనిమిది నెలలుంది.

వరండాలో పంచాయితీ

యజమానులను మళ్ళీ వరండాలో కూర్చోబెట్టాను. సాయిలును వదలమని అడిగాను. వాడి బతుకు మారిపోయే అవకాశం, ఇది మళ్ళీ రాదు అని చెప్పాను. అందరూ విన్నారు, ఒక్కరూ కదల్లేదు.

సుబ్బారావు గారి వాదన గట్టిది. "మాస్టారూ, కుర్రాడు బాగుపడితే నాకేం కడుపుమంటండీ? కానీ ఈరోజు వీణ్ణి వదిలితే రేపు నా వాణ్ణి ఇంకొకడు లాక్కుపోతాడు. ఏ మొహంతో ఆపుతారు మీరు? లీగు పెట్టింది మీరే, కూలగొట్టేదీ మీరేనా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. మధ్యలో మారకూడదన్న కట్టుబాటే మా లీగుకు వెన్నెముక. నేను ఈల కింద పెట్టి, సాయిలును వదలకపోతే రిఫరీగా ఉండనన్నాను. అది బెదిరింపు అనుకున్నాను. వాళ్ళు నా బదులు ఎవరిని పిలవాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. యజమానులను బెదిరించే ముందు, మీరు లేకపోతే వాళ్ళకు నిజంగా ఇబ్బందో కాదో చూసుకోండి.

విఠల్ రెడ్డి చెడ్డవాడు కాదు. సాయిలుకు జ్వరమొస్తే తన జీపులో దవాఖానకు తీసుకుపోయినవాడు. కానీ పదిమందిలో తన మనిషి మధ్యలో పోవడం ఆయనకు తల కొట్టేసినట్టు ఉంది. మాట ముగిస్తూ అన్నాడు. "సార్, పద్ధతి అంటే పద్ధతి. ఉగాది దాక పోరాదు. పోవాల్నంటే బదులు మనిషిని పెట్టి పోవాలె. గా సాయిలు అసొంటోడు యాడ దొరుకుతడు? దొరకడు. ఇగ లేవుండ్రి."

అందరూ లేచారు. గేటు దగ్గర పోచయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చేతికర్ర గోడకు ఆనించి, రుమాలు తీసి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

"బదులు మనిషిని నేనున్న పటేలా" అన్నాడు.

ఎవరో నవ్వారు. విఠల్ రెడ్డికి నవ్వు రాలేదు. "నువ్వు బంతి ఆడుతవా పోచయ్యా?"

"ఆడ. బంతి నువ్వు ఆడిపిచ్చేది వారంల ఒక్కనాడు, గదిగూడ వానకాలమే. తక్కిన దినాలు పోరడు నీళ్ళు పారిస్తుండు, గడ్డి కోస్తుండు, బర్లు కడుగుతుండు. గా దినాలకు నేనున్న. గా ఒక్కనాటికి ఇంకొకణ్ణి సూస్కో. పదిమంది ముందట అడుగుతున్న, బదులు పెడితే ఇడుస్తరా, ఇడవరా?"

తమ ఆటగాళ్ళు ఏ పని మీద ఎక్కడున్నారో యజమానులందరికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. సుబ్బారావు గారు కండువా సర్దుకున్నారు. పద్ధతి పేరు చెప్పి కాదన్న విఠల్ రెడ్డి, పద్ధతి పేరు చెప్పి అడిగినవాణ్ణి కాదనలేకపోయాడు. "సరే" అన్నాడు.

ఆ సాయంత్రం సాయిలు పోనని మొండికేశాడు. "నిన్ను మళ్ళ కొట్టంల పడేసి నేను పోవుడేంది బాపూ" అని ఏడ్చాడు. పోచయ్య వాడితో వాదించలేదు. కొత్త బట్టలు చేతిసంచిలో కుక్కి, భుజం పట్టుకుని బస్సు దాకా నడిపించి ఎక్కించాడు. కండక్టర్‌తో మాత్రం "నిజామాబాద్ దాక దించకు" అని చెప్పాడు. ఇన్నాళ్ళు లీగు లీగు అని తిరిగింది ఒక ముసలివాణ్ణి తిరిగి కొట్టంలోకి పంపడానికా అనిపించింది.

సాయిలు సెలక్షన్లలో నిలిచాడు.

యాసంగి నీళ్ళు

పంట కోతలు ముగిసి, యాసంగి నాట్లు పడుతున్న రోజుల్లో విఠల్ రెడ్డి నన్ను బీర్కూర్ పిలిపించాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. నన్ను పొలానికి తీసుకుపోయాడు. దూరంగా మడిలో పోచయ్య, మోకాళ్ళ లోతు బురదలో వంగి ఒడ్డు గండి పూడుస్తున్నాడు.

"సార్, ఎన్నోసార్లు చెప్పిన, ఇంటికి పో అని. పోతలేడు. మా ఇంటామె అన్నం పెడుతనంటే వద్దంటడు. ఆయనను సూస్తుంటే నాకు బువ్వ లోపలికి పోతలేదు" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "గా రూలు తీసెయ్యి. వానకాలం నాలుగు నెలలకే కుదుర్చుకోవాలె. ఆట తప్ప ఏ పని చెప్పొద్దు. కాయితం మీద రాయి, ఫస్టు నేనే సంతకం పెడుత. క్యాంపోళ్ళతోని నేను మాట్లాడుత."

మాట్లాడాడు కూడా. ఆ తర్వాతే మా లీగు నిజంగా పెరిగింది. ఏడాదికి కట్టుబడే భయం పోయాక నిజామాబాద్ నుంచి, సరిహద్దు అవతల నుంచి మంచి ఆటగాళ్ళు వచ్చారు. గోదాములు చాలక రెండుచోట్ల ఆడించాం. ఎవరైనా అడిగితే లీగు మంచి నిర్వహణ వల్ల పెరిగిందని చెప్పేవాణ్ణి. మంచి నిర్వహణ ఆరోజు ఆ మడిలో ఉంది, బురదలో.

మేము ఒడ్డు మీద నిలబడి ఉండగానే సాయిలు వచ్చాడు. ఉద్యోగంలో చేరాక మొదటి సెలవు. ఇంట్లో సంచి కూడా పెట్టకుండా బస్సు దిగి నేరుగా పొలానికి నడిచి వచ్చాడు. విఠల్ రెడ్డి వాడికి ఎదురెళ్ళి, "మీ బాపును ఇంటికి తోల్కపో సాయిలు. నేను ఇడిసిపెట్టిన" అన్నాడు. సాయిలు గట్టిగా పిలిచాడు. పోచయ్య నడుము ఎత్తి చూశాడు, మొహమంతా విప్పారేలా నవ్వాడు, మళ్ళీ వంగాడు.

"పటేల ఇడిసిపెట్టిండు బాపూ. ఇంటికి పోదాం రా."

"ఆయన ఇడుస్తడు. నేను పదిమందిల మాట ఇచ్చిన. రేపు ఎవడన్న, సాయిలు నడుమల ఇడిసి పోయిండు అంటే గది నీ పేరు మీద పడుతది. ఉగాది దాటనీ. అవ్వ బువ్వ వండింది, పోయి తిను."

సాయిలు బూట్లు విప్పాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, నాయిన చేతిలో పార అందుకోవడానికి మడిలో దిగాడు. పోచయ్య ఎవరి మీదా చెయ్యి చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, ఎవరూ చూడలేదట. పార కింద పడేసి, బురద చేతులతో కొడుకు రొమ్ము మీద తోశాడు.

"ఎక్కు ఒడ్డు. గా కాళ్ళు మళ్ళ గీ బురదల పెట్టినవంటే, నేను గిన్ని దినాలు గీడ నిలవడ్డది ఎందుకు?"

సాయిలు ఒడ్డు ఎక్కాడు.